సుగుణక్క పెట్టిన గాలి

మాదాపూర్ ఆఫీసులో లిఫ్టు ఎక్కుతుండగా సుగుణక్క ఇక లేదని ఫోను వచ్చింది. అబద్ధమని అరిచాను. లిఫ్టులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. చూస్తే చూడనీ! చందానగర్‌లో పుట్టి పెరిగి, మా గ్రాఫిక్స్ సంస్థలో ఇరవై ఏళ్లుగా ఖగోళ చిత్రాలు గీసిన ఆ మహాచిత్రకారిణిని గుండెపోటు ఒక్క పూటలో ఎత్తుకుపోయింది.

ఆమె చివరి కృతి ఒక గ్రహం. చిన్న ఎర్ర నక్షత్రాన్ని అంటిపెట్టుకుని తిరిగే నిప్పుల కుంపటి. ఒక వైపు ఎడతెగని పగలు. ఒక విజ్ఞాన ప్రదర్శనశాల గోడకోసం గీసింది. దానికి వాయుమండలం ఉందో లేదో శాస్త్రజ్ఞులకే ఇంకా తేలలేదు. అక్క గంధకపు పొగమంచుతో గాలిని కల్పించింది. రంగు కుదరక వారం రోజులు సతమతమై, చివరికి సగం తోమిన రాగిచెంబును ఇంటినుంచి తెచ్చి బల్లమీద పెట్టుకుని ఆ ఛాయను పట్టింది.

ఎంత అద్భుతంగా గీసినా, కుడి మూలన స్వహస్తంతో ‘ఈ గాలి ఊహ’ అని రాసేది. అది ఆమె వ్రతం.

నేను చేరిన కొత్తలో, అందం చెడుతోందని అతితెలివికి పోయి, మరో గ్రహం బొమ్మలో ఆ మాట చెరిపి ఒక బడికి పంపాను. అక్కడి మాస్టారు ఫోన్ చేశారు. “ఆ గ్రహంమీద గాలి ఉందని పిల్లలకు చెప్పేశానండి. ఏ గాలో కాస్త చెప్తారా?” పక్కనే ఉండి విన్న అక్క ఫోన్ లాక్కుంది.

“సార్, ఆ గాలి నేనే పెట్టిన. ఉన్నదో లేదో ఎవ్వరికీ తెల్వదు. పిల్లలకు గదే చెప్పుండ్రి.”

తర్వాత నావైపు తిరిగింది. “ఏందే, ఊహ అని చెప్పుకోనీకి నీకెందుకు పరేషాన్? చూడనిది చూసినమంటే గప్పుడు సిగ్గుపడాలె.”

అక్క పోయిన పదిహేను రోజులకు మేనేజరు నన్ను పిలిచారు. “మూలన ‘ఊహ’ అన్న మాట ఉంటే బొమ్మ తీసుకోబోమని ప్రదర్శనశాలవాళ్లు అంటున్నారండి. ఆవిడే లేరు కదా, తీసేద్దాం.”

“ఆవిడ లేరు కాబట్టే తియ్యను.”

“మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి.”

ఆలోచించుకున్నాను. రాజీనామా ఇచ్చాను. బొమ్మను మాత్రం అక్క రాసిన మాటతోనే ప్రదర్శనశాలకు పంపాను. వాళ్లు తిప్పి పంపితే, సంస్థ వద్దనుకున్నదాన్ని నేనే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడది కూకట్‌పల్లిలో మా ముందుగది గోడకు ఉంది. వచ్చినవాళ్లందరికీ మొదట ఆ మూలే చూపిస్తున్నాను.

అక్కా, నీకు నా సాష్టాంగ నమస్కారం. నీలాంటి మనిషి ఈ ఊరికి మళ్లీ దొరకదు. ఈ వాక్యం కింద మాత్రం ఊహ అని రాయను.