రాయి కట్టని పొట్లకాయ

మాది శంషాబాద్ దగ్గర సాతంరాయి. మా పెరడంతా అత్తమ్మ చేతి మీదే నడిచేది. కిందటి చలికాలం ఆమె పోయింది. ఈ ఎండాకాలం ఆమె దాచిన పొట్ల గింజలు నేనే పెట్టి, పందిరికి పాకించాను.

ఒకరోజు పొద్దున్నే పాదుకు నీళ్లు పోసి తలెత్తేసరికి చెంపకు చల్లగా ఏదో తగిలింది. చూస్తే ఆకుల సందున తెల్లటి చారలతో, చుట్టలు చుట్టుకొని వేలాడుతోంది. “పాము! పాము!” అని బిందె అక్కడే పడేసి వాకిట్లోకి పరుగెత్తాను. పైన విమానం మోతలో కూడా నా కేక వాడంతా వినబడింది. పక్కింటి యాదన్న కట్టె పట్టుకొని ఉరికొచ్చాడు, వెనకే నలుగురు ఆడవాళ్లు.

యాదన్న కట్టెతో ఆకులు జరిపి పకపకా నవ్వాడు. “ఏందక్కా, గింత పరేషాన్ చేసినవ్! గిది పొట్లకాయ. పిందెకు రాయి కట్టకుంటే గిట్లనే చుట్టుకుంటది. మీ అత్త ఉన్నప్పుడు ఒక్కటన్న వంకర కాసిందా?”

రాయి కట్టాలన్న సంగతే మరిచిన నేనూ అందరితో పాటు నవ్వాను. వాళ్లు వెళ్లాక రాయి కోసం వెతుకుతుంటే, పందిరి గుంజకు దారంతో సహా వేలాడుతున్న గులకరాయి కనబడింది. “బరువైతే పిందె తెగుతది, జర చిన్నది చూడు బిడ్డా” అని అత్తమ్మ నా చేతే ఏరించిన రాయి అది.

ఇప్పుడు కాయలు తిన్నగా దిగుతున్నాయి. ఒకటి కోయగానే ఆ రాయిని ఇంకో పిందెకు మారుస్తున్నాను. దారం రెండో కొసను పిందెకు నేనే కడతాను గానీ, రాయి చుట్టూ ఆమె వేసిన ముడిని మాత్రం ఇంతవరకూ విప్పలేదు.