అందించినవారి గడి

జనగామలో మా డిగ్రీ కాలేజీ మనస్తత్వశాస్త్ర విద్యార్థులు వాడే జ్ఞాపకశక్తి పరీక్షా పత్రంలో ఐదు గడులున్నాయి. క్రమసంఖ్య, వయసు, చదువు, గుర్తున్న మాటల సంఖ్య, చివరగా 'అందించినవారు'. నిన్న మధ్యాహ్నం మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకామె ఆ చివరి గడి మీద పెన్ను మొన ఆనించి, "మేడం, పరీక్షల ఒకరికొకరు అందిస్తే కాపీ అంటరు కదా, మరి గీ గడి ఎందుకు పెట్టిన్రు?" అని అడిగింది. నేను గణాంకశాస్త్రం చెబుతాను. ఒక గడి ఎందుకుందని అడిగితే సాధారణంగా ఒక్క వాక్యంలో చెప్పగలను. దీనికి ఒక వాక్యం చాలదు.

మూడేళ్ల కిందట నర్సింహులపేట దగ్గరి ఒక తండా నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి చదివిన అమ్మాయి ఒకతె చివరి సంవత్సరంలో ఉండేది. సగటు గురించి చెప్పిన మొదటి రోజే లేచి, "గా సగటు మనిషి ఏ ఊర్ల ఉంటడు మేడం?" అని అడిగి క్లాసంతటినీ నవ్వించిన పిల్ల. వాళ్ల నాయనమ్మ బడి గడప తొక్కలేదు గాని, తండాలో ఏ బర్రె ఏ వానాకాలం ఈనిందో తడుముకోకుండా చెబుతుందట. అందుకని ఆ అమ్మాయి తన పరిశోధనకు ఎంచుకున్న ప్రశ్న: చదువుకోనివారి జ్ఞాపకం నిజంగా తక్కువా? తమ ఇంటి భాష లంబాడీలో పదిహేను మాటలు రెండేసి సెకన్ల ఎడంతో చదవాలి, ఒక నిమిషం ఆగాలి, గుర్తున్నవి చెప్పమనాలి. నియమాలు నేనే రాసిచ్చాను. 'ఒక్కొక్కరినే కూర్చోబెట్టాలి' అన్న వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కూడా గీశాను. నా గీతల మీద నాకు అప్పట్లో గట్టి నమ్మకం.

ఆదివారం తండాకు వెళ్లి, సోమవారం పద్దెనిమిది మంది ఆడవాళ్ల ఫలితాలతో వచ్చింది. పద్నాలుగు, పదిహేను, పద్నాలుగు, పద్నాలుగు, పదిహేను... చివరిదాకా అంతే. ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లో కూడా అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది. "మనుషులు ఇట్ల ఉండరమ్మా, ఏం జరిగింది?" అన్నాను. ఆ అమ్మాయి తల దించుకుని చెప్పింది. ఒక్కొక్కరినే గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. మిగతావాళ్లు కిటికీ దగ్గర చేరారు. లోపలామె ఆగిన ప్రతిసారీ బయటినుంచి ఎవరో ఒకరు మాట అందించారు. వద్దని బతిమాలితే నాయనమ్మే కోప్పడిందట: "అడిగేటోళ్ల ముందు మనిషిని ఒక్కదాన్నే కూసోబెడితే, ఇగ మేమెందుకు బిడ్డా?"

ఇది పనికిరాదని చెప్పేశాను. నాలుగు రోజుల్లో మహబూబాబాద్‌లో విద్యార్థుల పరిశోధనా సదస్సు. అక్కడ చెప్పకపోతే ప్రాజెక్టు మార్కులు లేవు, అవి లేకపోతే ఆ ఏడు డిగ్రీ చేతికి రాదు. "హాస్టల్ పిల్లల మీద మళ్ల చెయ్యి" అన్నాను. ఆ అమ్మాయి నోటుపుస్తకం నా ముందు తెరిచి, "దాస్తె తప్పయితదని ఎవరు ఎవరికి అందించిన్రో గదిగూడ రాసిన మేడం, జర చూడుండ్రి" అంది. ప్రతి మాట పక్కన ఒక బాణం గుర్తు, ఒక పేరు, ఆగిన సెకన్లు. అంతవరకు నేను చూసింది మొత్తాల వరస ఒక్కటే. బాణాలు తీసేసి లెక్కిస్తే తలకు ఐదు నుంచి తొమ్మిది మాటలు. అంటే మామూలు మనుషులే. విశేషం బాణాల్లో ఉంది: లోపలామె నాలుగైదు సెకన్లు ఆగితే తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు. తెలిసినా తొందరపడకుండా, ఎదుటి మనిషికి ముందు అవకాశమిచ్చారు. ఆ రాత్రి నేను నా ఎర్ర గీతలను కొంచెం తక్కువ గౌరవంతో చూసుకున్నాను.

సదస్సుకు నాయనమ్మ కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. పరీక్షకుడు భూపాలపల్లి నుంచి వచ్చిన పెద్దమనిషి. గొంతు మెత్తన, ప్రశ్నలు కావు. "పరీక్ష నియమం తప్పింది కదమ్మా?" అన్నాడు. "తప్పింది సార్. ఒక్కలొక్కల జ్ఞాపకం కొలుద్దామని పోయిన, అది కొలువలే. కొలిచింది వేరే. గదే చెప్తున్న" అంది. ఆయన మార్కుల కాగితం మీద పెన్ను పెట్టి, మళ్లీ ఎత్తి, "సరే, ఆ పదిహేను మాటలు నువ్వు చెప్పు. వెనకున్న నీ పోస్టరు చూడొద్దు" అన్నాడు. తెలుగులో వరసగా పద్నాలుగు చెప్పింది. పదిహేనోది రాలేదు. అలవాటు కొద్దీ నేను మనసులో సెకన్లు లెక్కపెడుతున్నాను. వెనకనుంచి ఖంగుమని వినబడింది: "ఉప్పు, బిడ్డా! ఉప్పు మరిచినవ్!"

హాలు గొల్లుమంది. ఆ అమ్మాయి మొహం కందిపోయింది. ఒక్క క్షణం ఆగి, బోర్డు దగ్గరికి వెళ్లి, 'ఉప్పు' అని రాసి, పక్కన బాణం గీసి, చివర 'నాయనమ్మ' అని రాసింది. సెకన్ల దగ్గర సుద్దముక్క ఆగిపోయింది. "ఆరు" అన్నాను. నన్నెవరూ అడగలేదు. పరీక్షకుడు నావైపు తిరిగి, "మీకు గూడ ఒక బాణం పడ్తది మేడం" అన్నాడు, ఈసారి ఆయనా నవ్వుతూ.

బహుమతి రాలేదు. మార్కులు వచ్చాయి, డిగ్రీ వచ్చింది, మా పత్రానికి ఐదో గడి వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు పీజీ పూర్తి చేయబోతోంది. సదస్సు రోజు టీ తాగుతూ నాయనమ్మ మాత్రం ఒకటే మాట: "పిల్ల ఆగిపోతే చూసుకుంట ఊకుంటరా, ఏం సదువో!"

కాలం గడిచేకొద్దీ జ్ఞాపకం ఎలా తరిగిపోతుందో చూపడానికి ఏటా బోర్డు మీద ఒక వంపురేఖ గీస్తాను. నిన్న ఈ కథంతా చెప్పాక కూడా అదే గీశాను. కాకపోతే ఇప్పుడు దాని కింద ఒక మాట రాస్తున్నాను: ఇది ఒంటరిగా కూర్చోబెట్టిన మనిషి మీద కాలం గీసిన గీత.