నవారు కోటు

గంగులయ్య వీపుకు కుట్లు వేసిన మరుసటి రోజు పెద్దాయన జమ్మలమడుగు ఆసుపత్రికి వచ్చాడు. వెంట నలుగురైదుగురు, ఒక సంచి నిండా అరటిపండ్లు. గంగులయ్య ఆయన జీపు వెనక నిలబడి తిరిగే మనిషి. కరువులో గొర్రెలు అమ్ముకున్నాక దొరికిన పని అది. ఎన్నికలు దగ్గరపడి ఊరు రెండు పార్టీలుగా చీలి ఉంది, ఒకదానికి పెద్దాయనే నాయకుడు. అవతలివాళ్లు దారిలో జీపును అడ్డగించి పెద్దాయన మీదికి వేటకొడవలి ఎత్తితే, గంగులయ్య వీపు అడ్డం పెట్టాడు.

"బాగుండావా అప్పా" అంటూ పెద్దాయన మంచం మీదికి వంగాడు. వంగినప్పుడు చొక్కా లోపల అట్టలాగా బిగిసిన బనియనేదో కనిపించింది. మంచం పక్కన నేల మీద కూర్చున్న గంగులయ్య భార్య సంజీవమ్మ కంట అది పడింది.

"లోపల అదేందప్పా?"

పెద్దాయన నవ్వాడు. "కత్తికి తెగదంటమ్మా. మనోళ్లు బెంగుళూరు నుంచి తెప్పిచ్చినారు."

"మా ఇంటాయనకు యాడుంది మరి?"

వెంట వచ్చినవాడొకడు "పెద్దాయనతో మాట్లాడే తీరేనా అది" అని గదిమాడు. వాళ్లు వెళ్లగానే సంజీవమ్మ ఆ పండ్లు తీసుకుపోయి గేటు బయట మేకలకు వేసింది.

కుట్లు మానీ మానకముందే గంగులయ్య మళ్లీ జీపెక్కుతానన్నాడు. ఉప్పు తిన్న ఇల్లన్నాడు. ఆమె ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. ఇంట్లో ఉన్న వేటకొడవలిని గోనెపట్టాలో చుట్టుకొని ప్రొద్దుటూరు బస్సెక్కింది.

బట్టల అంగట్లో మందంగా ఉండేది కావాలంటే జీన్సు గుడ్డ చూపించారు. ఇంకోచోట రెగ్జిన్ చూపించారు. ఏదీ కంటికి ఆనలేదు. చివరికి ఎవరో లారీలకు పట్టలు, సీట్లు కుట్టే గఫూర్ దగ్గరికి పొమ్మన్నారు.

"ఎందుకమ్మా?" అని అడిగాడు గఫూర్.

"వేటకొడవలికి తెగగూడదు బాయ్."

అతను నవ్వలేదు. మిషను ఆపి లేచాడు. పక్క వీధి నుంచి అరటి బోదె తెప్పించి, దానికి ఒక్కో గుడ్డా చుట్టి పట్టుకున్నాడు. సంజీవమ్మ కొడవలి తీసి వేటు వేసింది. జీన్సు తెగింది, రెగ్జిన్ కాగితంలా చీలింది. తోలు కొంత ఆపింది గానీ బోదె మీద గాటు పడింది. రెండు మడతల కంబళి దెబ్బను మెత్తన చేసింది, ఆపలేదు. అప్పుడు గఫూర్ మంచాలకు అల్లే నైలాన్ నవారును చాపలాగా దగ్గరగా అల్లి, పైనా కిందా లారీ పట్ట వేసి చుట్టాడు. కొడవలి జారిపోయింది. విప్పి చూస్తే బోదె మీద గీత కూడా లేదు. మళ్లీ వేసింది. పళ్లు బిగించి ఇంకా వేసింది.

"చాలమ్మా, చేయి నాది" అన్నాడు గఫూర్.

ఎక్కడెక్కడ పట్ట ఉండాలో ఇద్దరూ మాట్లాడుకున్నారు. దెబ్బ వెనక నుంచి వస్తుంది గనక వీపుకు, భుజాలకు మందంగా ఉండాలి. చంకల కింద వదులుగా ఉండాలి, లేకుంటే చేతులు లేవవు, పరిగెత్తడానికి రాదు.

"కోసే కత్తికే ఇది, పొడిచే కత్తికి కాదు. రేపొచ్చి నన్ననొద్దు" అన్నాడతను.

"మెడకో?"

"మెడకు నేనేం కుట్టలేనమ్మా. జీపు దిగమను."

"ఆ మాట నాకు తెల్దా!" అని ఆమె అరిచిన అరుపుకు పక్క అంగళ్లవాళ్లు తొంగి చూశారు.

గఫూర్ కోటు కుడుతుంటే పక్కన కూర్చొని ఆమె ఆ పని నేర్చుకుంది. గంగులయ్య చెమటకు సణుగుతూనే ఆ కోటు చొక్కా కింద తొడిగాడు. సంగతి ఆడవాళ్ల మధ్య పాకింది. ఒక మధ్యాహ్నం అవతలి వీధి వెంకటమ్మ దొడ్డి దారిన వచ్చింది. ఆమె కొడుకు ఓబులేసు అవతలి పార్టీ మనిషి. జీపును అడ్డగించిన గుంపులో ఉన్నాడు.

"సిగ్గు లేదా మే నీకు? నా మొగుని నరికినోళ్లలో ఉండె గదే నీ కొడుకు!"

"ఉండె. రేపు మీవోళ్లు వాన్ని వదుల్తారా?"

"వదలరు."

"అందుకే వచ్చినా."

సంజీవమ్మ చెంబు విసిరికొట్టింది. నోటికొచ్చినట్టల్లా తిట్టింది. వెంకటమ్మ కదల్లేదు. కొంగు చాటు నుంచి కొడుకు పాత చొక్కా తీసి కొలతకని అరుగు మీద పెట్టింది. దబ్బనం పట్టుకొని కూర్చున్న నాలుగు రోజులూ సంజీవమ్మ ఓబులేసును తిడుతూనే ఉంది. కుట్టు మాత్రం వదులు పోనివ్వలేదు.

బోరు కాడ స్నానం చేస్తూ ఓబులేసు విప్పిన కోటును ఎవరో చూశారు. కబురు పెద్దాయనకు చేరింది. మొగుడూపెళ్లాలను పిలిపించాడు.

"పగోళ్లకు కోట్లు కుడ్తాండావంట?"

"మీరు కుట్టిస్తే నేనెందుకు కుడ్తానప్పా? మీ వొంటి మీదికి బెంగుళూరు నుంచి వచ్చె. మీ ముందర నిలబడేటోళ్లకు గోనెపట్టా గూడా రాలే. మీది వీపు, మావి గోడలా?"

వసారాలో ఉన్నవాళ్లంతా తలలు దించుకున్నారు. పెద్దాయన ఆమెను చూడలేదు. "గంగులయ్యా, నీకిక జీపులో పని లేదు" అన్నాడు.

గంగులయ్య ఇంటికొచ్చి కోటు విప్పి కసువు దిబ్బ మీద పారేశాడు. "ఊర్లో తల ఎత్తుకోకుండా చేస్తివి గదే!"

"తల ఉండాది గదా. ఎత్తుకుందువులే నిదానంగా."

ఆ తర్వాత అతను భార్యతో మాట మానేశాడు. సంజీవమ్మ తన అన్న దగ్గర గొర్రెలను పాలుకు, అంటే రాబడిలో వాటాకు, తీసుకుంది. చీనీ తోటల్లో, అదే బత్తాయి తోటల్లో, ఎరువు కోసం మంద కట్టడానికి ఇద్దరూ పులివెందుల వైపు వెళ్లారు. ఓబులేసుకు ఎన్నికల రోజు ముంజేయి తెగిందని, వీపు మీది దెబ్బ కోటు దాటి దిగలేదని అక్కడే తెలిసింది. "చేయి పొయ్యేదాకా మానలేదా వాడు?" అని మండిపడింది సంజీవమ్మ.

జీపు వెనక చోటు ఖాళీగా లేదు. చిన్న పిల్లలున్న కాటమయ్య ఎక్కాడు. అతని భార్య పెంచలమ్మ వెతుక్కుంటూ చీనీ తోట దాకా వచ్చి కోటు కుట్టమని అడిగింది.

"కుట్టను. నీ మొగుని పిల్చుకరా. ఈడ గొర్రెలు కాసేదానికి మనిషి కావాల."

పెంచలమ్మ ఇంకోసారి బతిమాలింది. తర్వాత కళ్లు తుడుచుకొని బస్సుకు పోయింది. గంగులయ్య గట్టు మీద నిలబడి ఆమె పోయిన దారినే చూశాడు.

"వాడు రాడు" అన్నాడు. ఇన్ని నెలలకు భార్యతో ఆడిన మొదటి మాట అది.

"నువ్వు మాత్రం వస్తివా? తరిమితే గదా వచ్చింది!" అని కసిరి సంజీవమ్మ గొర్రెల మీదికి కట్టె విసిరింది.