చార్జ్ తీసుకున్నవారు

మా కింది ఇంటి బాబాయి పోయారన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. అప్పుడు నేను సబ్బవరంలో, మా స్కూలు స్టాఫ్‌రూంలో ఉన్నాను. ఎదురుగా లాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో ఆయనా నేనూ కలిసి చేస్తున్న స్లైడ్ల ఫైలు. తెర పైన కుడి మూలలో ఒక చిన్న గుండ్రటి బిళ్ళ, అందులో ఆయన పేరులోని మొదటి అక్షరం. ఆ బిళ్ళ కనబడుతోందంటే ఆయన తన ఇంట్లో అదే ఫైలు తెరుచుకుని ఉన్నారని అర్థం. ఫోన్లో పిన్ని, "మీ బాబాయి ఎల్లిపోనారమ్మా" అంది. నేను ఆ బిళ్ళ వైపే చూస్తూ, "లేదు పిన్నీ, ఇక్కడున్నారు కదా" అన్నాను.

తర్వాత ఏం చేశానో నాకు వరసగా గుర్తులేదు. ఎనిమిదో తరగతికి వెళ్ళి హాజరు తీసుకున్నానట. ఇంకో టీచరు వచ్చి నన్ను ఆటో ఎక్కించారు. దారంతా ఏడుపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్న ఇప్పటికీ రాలేదు.

బాబాయి, పిన్ని అంటున్నాను గానీ వాళ్ళు మాకు చుట్టాలు కారు. మా ఇంటి ఓనర్లు. మాది గోదావరి జిల్లా, మా ఆయనకి పోర్టులో ఉద్యోగం. ఏడేళ్ళ కిందట ఉక్కునగరం గేటు బయట వాళ్ళ మేడమీద వాటాలో అద్దెకు దిగాం. ఆయన స్టీల్‌ప్లాంటులో షిఫ్టు ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నేను మాటకి ముందు ఒక అండీ, వెనక ఒక అండీ పెడతానని మొదటిరోజే కనిపెట్టేసి, "అండీలు కొన్ని దాసుకోమ్మా, అద్దె పెంచినప్పుడు పనికొత్తాయి" అన్నారు. ఏడేళ్ళలో పెంచింది ఒక్కసారే.

ఆయన నాకు గురువు ఎలా అయ్యారో చెప్పాలి. ఒక సోమవారం మా ప్రిన్సిపాల్ గారు, ఇకమీదట పాఠాలన్నీ ఆన్‌లైన్ స్లైడ్లలో తయారుచేసుకుని రావాలన్నారు. నాకు సైన్సు వచ్చు, చాక్‌పీసు వచ్చు, ఇది రాదు. చిన్న టీచర్లని అడగడానికి నామోషీ. ఇంటికొచ్చి మేడ ఎక్కడానికి ఓపిక లేక మెట్ల మీదే కూర్చున్నాను.

"ఏటమ్మా, మెట్ల మీద కూకున్నావు?" అన్నారు బాబాయి. చెప్పాను. "దానికేనేటి? లోపలికి రా" అన్నారు.

ఆయనకి మద్దిలపాలెంలో కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి ఉండేది. తెరిచేముందు ఒకసారి, మూసేముందు ఒకసారి పాత బనీను గుడ్డతో తుడిచేవారు. తుడిచి, తెరిచి, "ఇదిగో, ఈ కూడిక గుర్తు నొక్కు" అన్నారు. నొక్కాను. తెల్లటి పేజీ వచ్చింది. ఆయన స్లైడుని చివరిదాకా పేజీ అనే అన్నారు. నేను ఆ తెలుపుని చూస్తూ ఉండిపోయాను.

"బయపడకు. అందులో ఏటీ లేదు, తప్పు కూడా లేదు. ముందు ఒక బొమ్మ ఎట్టు. మాట తరవాత అదే ఒత్తాది."

నేను వినలేదు. మర్నాడు కిరణజన్య సంయోగక్రియ పాఠం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒక్క పేజీలోకి దింపి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా నెమ్మదిగా పైకి చదివారు. పిన్ని వంటింట్లోంచి వచ్చి నిలబడి విని మళ్ళీ వెళ్ళిపోయింది. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, "నాను మొత్తం సదివీసాను కదా. ఇంక కిలాసులో నువ్వెందుకు?" అన్నారు. నాకు కోపం వచ్చింది. పైకెళ్ళి అదంతా చెరిపేసి ఒక ఆకు ఫోటో పెట్టి, కింద 'దీనికి ఆకలేస్తే ఏం చేస్తుంది?' అని రాశాను. ఆ పాఠం ఇప్పటికీ అలాగే చెబుతున్నాను.

సేవ్ చేసే బటన్ ఎక్కడుందని అడిగితే లేదన్నారు. మనం చేస్తుంటే అదే దాచుకుంటుందన్నారు. ఆ మాట మొదట్లో ఆయనా నమ్మలేదట. ఒక నెలపాటు ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకున్నారట. ఆ సంగతి ఆయనే చెప్పి ఆయనే నవ్వారు.

అసలు ఆయనకి ఈ స్లైడ్ల పిచ్చి ఎందుకు పట్టిందో తర్వాత తెలిసింది. ఆయన రిటైరైన రోజు శాలువా కప్పి, దండ వేసి, మైకు చేతికిచ్చారు. "ముప్పయ్యేళ్ళ పని. సెప్పాలని ఎంతో ఉంది. 'అందరికీ నమస్కారం' అని కూకుండిపోనాను. నోరు పెగల్లేదు" అన్నారు. చెప్పుకోలేకపోయానన్న బాధ ఆయనకి పోలేదు. అందుకని తన వెనక రిటైరయ్యే తోటివాళ్ళకి తనే స్లైడ్లు చెయ్యడం మొదలుపెట్టారు. "బొమ్మ ఉంటే ఆడు మాటాడక్కర్లేదు కదా" అనేవారు. మొదట్లో అక్షరాలు నాలుగువైపుల నుంచీ ఎగిరొచ్చేలా పెట్టారట. హాల్లో జనం మనిషిని వదిలేసి అక్షరాల్ని చూశారట. ఆ తర్వాత ఒక్క అక్షరాన్ని కూడా ఎగరనివ్వలేదు.

ఆయన పేజీల్లో శాలువాలు, దండలు ఉండవు. ఆ మనిషి సైకిలు, అతని కేరేజీ, కాంటీన్లో అతను కూర్చునే బల్ల. పేజీకి ఒకటి, అంతే. చివరి పేజీ మాత్రం అందరికీ ఒకటే. పైన 'చార్జ్ తీసుకున్నవారు' అని ఉంటుంది, కింద ఒక పేరు. షిఫ్టు మారేటప్పుడు తర్వాతి మనిషి వచ్చి చార్జ్ తీసుకునేదాకా ముందు మనిషి సీటు వదలడు. ఆ వచ్చేవాణ్ణి రిలీవర్ అంటారు. తెర మీద పేరు పడగానే హాల్లో ఆ రిలీవర్ లేచి వెళ్ళి, రిటైరయ్యే ఆయన చెయ్యి పట్టుకోవాలి. అది బాబాయి పెట్టిన పద్ధతి.

నాకు నేర్పినందుకు బదులుగా అన్నట్టు నేను ఆయనకి సాయం పట్టాను. ఫోటోలు సరిచెయ్యడం, తెలుగు టైపు చెయ్యడం నా పని. ఎప్పుడూ ఖాళీ పేజీ నుంచి కాకుండా పాత ఫైలుకి కాపీ తీసి అందులో మార్చుకునేవాళ్ళం. అలా ఒకసారి నేను అన్నీ మార్చి చివరి పేజీ మర్చిపోయాను. హాల్లో పోయిన నెల రిలీవర్ పేరే పడింది. సంబంధంలేని మనిషి బిత్తరపోయి లేచి నిలబడ్డాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బాబాయి మాత్రం, "ఇద్దరు రిలీవర్లు దొరికిన అదృష్టం ఈడొక్కడిదే" అని హాలంతా నవ్వించేసి, ఇంటికొచ్చాక కూడా ఆ ఊసు ఎత్తలేదు.

మాట్లాడేవాళ్ళు గుర్తులు రాసుకోవడానికి ప్రతి పేజీ కిందా చోటు ఉంటుంది. ఆయన దాన్ని ప్లాంటులో షిఫ్టు సంగతులు రాసే లాగ్‌బుక్‌లా చేసేశారు. 'మూడో పేజీ అయింది. నాలుగోదానికి ఫోటో రావాలి. చార్జ్ ఇచ్చాను' అని రాసేవారు. నేను ఫైలు తెరిచి, 'చార్జ్ తీసుకున్నాను' అని రాసేదాకా మూసేవారు కాదు. నా బిళ్ళ కనబడ్డాక, "నీ లైటు ఎలిగింది, నాను ఎల్తన్నాను" అని కింది నుంచి కేకేసేవారు. ఒక్కోసారి నేను వంటలో పడి గంట ఆలస్యం చేసేదాన్ని. ఆయన ఆ గంటా కుర్చీలోనే ఉండేవారు. మధ్యలో లాప్‌టాప్ నిద్రపోకూడదని నాచేతే సెట్టింగ్ మార్పించుకున్నారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ మధ్య నాకు విసుగొచ్చింది. పరీక్ష పేపర్లు, పిల్లలు, ఇల్లు, వీటి మీద నెలనెలా ఎవరిదో సైకిలు ఫోటో. ఎదురుగా చెప్పలేక, ఆవేళ స్టాఫ్‌రూంలో కూర్చుని ఫైల్లోనే ఒక కామెంట్ రాశాను. 'బాబాయ్, ఇదే ఆఖరు. వచ్చే నెల నుంచి నాకు కుదరదు. ఇంకెవరినైనా చూసుకోండి.' రాసి, ఆయన బిళ్ళ వెలుగుతోంది కదా, ఇప్పుడే చదువుతారు అని చూస్తూ కూర్చున్నాను. జవాబు రాలేదు. అలిగారనుకున్నాను. ఆ తర్వాత వచ్చింది పిన్ని ఫోను.

శవం ఇంట్లో ఉండగా నేను పిన్నిని అడిగిన మొదటి మాట, ఎన్నింటికి పోయారని. "పదకొండు కాలేదమ్మా. మంచినీళ్ళు తాగి మంచం మీద ఒరిగారు, అంతే" అంది. కామెంట్ పక్కన పదకొండుంబావు అని ఉంది. ఆయన చదవలేదు. అది తెలిసి నేను సంతోషించాను. చనిపోయిన మనిషి పక్కన నిలబడి సంతోషించాను. ఆ రోజు నాలో కదిలింది అదొక్కటే.

రిటైరైనవాళ్ళ సంఘం తొమ్మిదో రోజున ఉక్కునగరం కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టింది. అందరి పేజీలూ చేసిన మనిషి కదా, ఆయనవి నువ్వు చెయ్యమ్మా అన్నారు. సరే అన్నాను. కొత్త ఫైలు తెరవబోయి ఆగిపోయాను. కొత్తదాంట్లో ఆయన లైటు ఉండదు. ఆయన చివరగా తెరిచిన ఫైలు, ఈ నెలాఖరుకి రిటైరవబోయే క్రేన్ ఆపరేటర్‌ది. ఆ బిళ్ళ రంగు కాస్త వెలిసింది గాని ఇంకా అక్కడే ఉంది. కింద పిన్ని ఆ లాప్‌టాప్‌కి చార్జర్ పెట్టి అలాగే ఉంచింది. "ఆపడం నాకు తెల్దమ్మా. తెలిసినా ఆపను" అంది.

ఆ ఫైల్లోనే ఆయన పేజీలు పెట్టాను. పిన్ని ఒక్కొక్కటే తెచ్చిచ్చింది. బట్టల క్లిప్పులు వేసుకునే పసుపు హెల్మెట్. కళ్ళజోడు. బనీను గుడ్డ. ఆయన కుర్చీ. నా చేతులు వాటంతటవే ఫోటోలు తీశాయి, కత్తిరించాయి, మధ్యకి జరిపాయి. చివరి పేజీకి వచ్చేసరికి పేరు రాయవలసిన చోట ఆగిపోయాయి. ప్లాంటులో ఆయన సీటుకి ఎప్పుడో ఎవరో వచ్చేశారు. ఎవరి పేరు రాయమంటారని పిన్నిని అడిగాను. "ఆ సీటు సంగతి కాదు కదమ్మా" అంది. నా పేరు రాయొచ్చని నాకు తెలుసు. రాస్తే నెలనెలా చెయ్యాలి. రాయలేదు.

పెద్దకర్మ కాకుండా గడప దాటకూడదని పిన్నిని ఎవరూ సభకి రానివ్వలేదు. హాల్లో పేజీలు ఒకటొకటిగా పడ్డాయి. హెల్మెట్ దగ్గర కొందరు నవ్వారు. కుర్చీ దగ్గర ఎవరూ నవ్వలేదు. చివరి పేజీ వచ్చింది. 'చార్జ్ తీసుకున్నవారు' అని ఉంది, కింద తెలుపు. అలవాటుకొద్దీ జనం ఎవరు లేస్తారా అని అటూ ఇటూ చూశారు. చాలాసేపు చూశారు.

ముందు వరసలో ఉన్న క్రేన్ ఆపరేటర్ నా బల్ల దగ్గరికొచ్చారు. తన ఫైల్లో ఆయన్ని పెట్టానని ముందే చెప్పి ఉన్నాను.

"రిలీవర్ రాలేదేటమ్మా?" అన్నారు.

"లేదండీ."

"అయితే ఆడింకా డూటీలోనే ఉన్నాడు" అన్నారు. ఓదార్పుగా అనలేదు. షిఫ్టు సంగతి చెప్పినట్టు చెప్పారు. "రిలీవర్ లేకండా ఆడు ఏనాడూ సీటు దిగలేదు." తన పేజీలు ఎవరు చేస్తారని మాత్రం అడగలేదు. అందరితోపాటు పక్కనున్న భోజనాల గదిలోకి వెళ్ళిపోయారు.

నేను ఖాళీ కుర్చీల ముందు కూర్చున్నాను. లాప్‌టాప్ తెర మూలన ఆ బిళ్ళ ఉంది. తొమ్మిది రోజులుగా ఉంది. నేనెప్పుడు వస్తానా అని గంటలకు గంటలు ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి, ఈసారి తొమ్మిది రోజులు కూర్చున్నారనిపించింది. ముందు నా కామెంట్ చెరిపేశాను. తర్వాత ఆ తెలుపులో నా పేరు టైపు చేశాను. పేజీ కింద లాగ్‌బుక్‌లో, 'చార్జ్ తీసుకున్నాను' అని రాశాను. వెనక గోడ మీది పెద్ద తెరలో కూడా నా పేరు పడింది. చూడ్డానికి హాల్లో ఎవరూ లేరు.

పిన్నికి ఫోన్ చేశాను. "పిన్నీ, ఇంక ఆ లాప్‌టాప్ మూసెయ్యండి" అన్నాను.

ఆమె ఎందుకని అడగలేదు. "ఎలగమ్మా?" అంది.

"పై రేకు కిందికి వంచెయ్యండి, అంతే."

కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. తర్వాత గుడ్డతో తుడుస్తున్నట్టు మెత్తటి చప్పుడు. అది చాలాసేపు వచ్చింది. "మూసీసానమ్మా" అంది. "పైన సెయ్యేసి సూసాను. ఇంకా ఎచ్చగానే ఉంది."

నా తెర మీద ఆ బిళ్ళ ఇంకా కనబడుతూనే ఉంది. నేను ఫోన్ పెట్టెయ్యలేదు, పిన్నీ పెట్టెయ్యలేదు. కాసేపటికి ఆ బిళ్ళ ఆరిపోయింది.