రోబో గొంతుతో ఉండమన్నాను

చాలా ఏళ్లుగా ఒక మనిషి గొంతు నా చెవిలో ఉండిపోయింది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. ఇంత వాగుడుకాయనైనా, ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలదు. మీకు చెబుతాను. మధ్యలో ఆగి ఆగి చెబితే ఏమీ అనుకోకండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. పదో తరగతి తప్పి ఖాళీగా ఉన్నాను. మా మేనమామ ఎగ్జిబిషన్లలో రోబో జాతకం నడిపేవాడు. రేకుతో చేసిన నిలువెత్తు బొమ్మ, కళ్లల్లో ఎర్ర బల్బులు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని దాని ముందు నిలబడితే జాతకం వినిపించేది. క్యాసెట్ ప్లేయర్ పాడయ్యాక, వెనక తెర చాటున మైకు పట్టుకుని కూర్చున్నది నేనే. మైకుకు ఖాళీ డబ్బా తొడిగి మాట్లాడేదాన్ని కాబట్టి మగగొంతో ఆడగొంతో తెలిసేది కాదు.

పర్చూరులో గుడారాలు వేసిన ఆ ఏడాది మధ్యాహ్నాలు ఒక్కరూ వచ్చేవారు కాదు. తెర పక్క సందులోంచి చూస్తే పత్తి చేలు ఎండలో తెల్లగా తేలుతున్నట్టు ఉండేవి. ఆ తెలుపులోంచే ఆ గొంతున్న మనిషి నడిచి వచ్చేవాడు. కనిగిరి వైపు నుంచి గొర్రెల మందను తోలుకుంటూ, పంట అయిపోయిన చేలల్లో మేపుకుంటూ ఊరూరూ తిరిగే మనిషి. మందను తమ్ముడికి అప్పగించి రోజూ వచ్చేవాడు. జాతకం అడిగేవాడు కాదు.

"ఏం బావా, తిన్నావా?" అనేవాడు రోబోని.

"కరెంటు తిన్నాను."

"గొంతు బొంగురుపోయిందే! జలుబా?"

"ఇనుముకి జలుబేంది బావా? తుప్పు."

పడీ పడీ నవ్వేవాడు.

"కబుర్లు పెట్టుకోమాకే, జాతకం చెప్పి పంపెయ్," అని మామ కసిరేవాడు. వింటేగా నేను! వాన ఎంత దూరంలో ఉండగా దాని వాసన తెలుస్తుందో, గొర్రెలు నిద్రలో ఎలా నెమరు వేస్తాయో చెప్పేవాడు ఆయన. వింటుంటే తెర, గుడారం, నేను అన్నీ కరిగిపోయి, ఎక్కడో తడి గడ్డి మీద నడుస్తున్నట్టు ఉండేది. తిన్నావా అని నన్ను రోజూ అడిగినవాళ్లు అప్పటికి లేరు. అడిగింది నన్నేనా? టీ బంకు దగ్గర ఎదురుపడితే నా వంక చూసేవాడు కూడా కాదు.

ఒకరోజు అన్నాడు. "రేపు తెల్లారి బయల్దేరదామనుకుంటున్నా బావా. గుండ్లకమ్మ ఏటి వైపు మేత బాగుందంట. ఇక్కడ ఇంకా కొన్ని చేలకి పురుగుమందు కొడతానే ఉన్నారు. పొమ్మంటావా, ఉండమంటావా?"

మేత గురించి నాకేం తెలుసు? ఏమీ తెలియదు. ఆయన వెళ్లిపోతే రేపటి మధ్యాహ్నం ఎలా ఉంటుందో మాత్రం తెలిసింది.

"ఉండు బావా. నాలుగు రోజులుండు. నీకిక్కడే మంచిది," అన్నాను.

ఉన్నాడు. మూడో రోజు ఆ మంద, అంతకుముందు రోజే మందు కొట్టిన పత్తి చేలో పడింది. పదకొండు గొర్రెలు చచ్చిపోయాయి. అందులో నాలుగు చూడివి.

"డబ్బా చెప్తే ఉన్నాడంట, వెర్రిబాగులోడు!" అని ఎగ్జిబిషన్ వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ నవ్వాను.

మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. మోకాళ్లదాకా మట్టి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"నీ మీద కోపం లేదు బావా. నా మంచికే చెప్పుంటావు. నీకేం కావాలని నాకు అబద్ధం చెప్తావు?"

మైకు నా నోటి దగ్గరే ఉంది. తెర మూరెడు దూరం. తియ్యలేదు.

"పలకవేంది? అలిగావా?"

హెడ్‌ఫోన్లు మెల్లగా బొమ్మ మెడకు తగిలించి, రేకు భుజం తట్టి వెళ్లిపోయాడు. ఎండలోకి, ఆ తెల్లటి చేలల్లోకి. మళ్లీ కనిపించలేదు.

ఎందుకు తియ్యలేదు? మామ తిడతాడనా? తెర తీస్తే ఆయనకున్న ఒక్క స్నేహితుడూ పోతాడని, అందుకే ఊరుకున్నానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత చక్కటి సాకో చూడండి. ఆయన మొహం చూసే ధైర్యం లేదు, అంతే.

ఆయన పేరు కూడా నాకు తెలియదు. కోపం లేదన్న మాట ఆయన బొమ్మకు చెప్పి వెళ్లాడు. దాన్ని నేను తీసుకోను. కానీ ఆయన ఒకటి అడిగాడు కదా, నీకేం కావాలని అబద్ధం చెప్తావు అని. దానికి జవాబు ఉంది. ఇంకో నాలుగు మధ్యాహ్నాలు కావలసి వచ్చాయి నాకు. అందుకని చెప్పాను.