ఉప్పుగాలిని తట్టుకునే కంప్యూటర్

వెలిగింది! మా ఇంట్లో కంప్యూటర్ వెలిగింది! తెర మీదికి ఎర్ర కారు వచ్చింది, దుమ్ము లేపింది, నేను మలుపు తిప్పబోయి గోడకి గుద్దేశాను. గుద్దితే ఏం, ఎంత అందంగా గుద్దుకుందో! పగిలిన అద్దం ముక్కలు కూడా విడివిడిగా కనబడ్డాయి. మా అమ్మ గబుక్కున లేచి నిలబడి, "ఓలమ్మో, లోపల ఎవులికైనా తగిలిందేటే?" అంది.

ఆ మధ్యాహ్నం గురించి ఎప్పుడు చెప్పినా నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ముందు జరిగింది ముందు చెప్పమంటారు మావాళ్లు. నా వల్ల కాదు.

సరే, ఇప్పుడు మొదటికి వస్తాను. సెల్ ఫోన్లు ఇంకా మా ఊరి దాకా రాని రోజులు. టెక్కలిలో డిగ్రీ పాసయ్యాను. అమ్మ వైపు చూసినా నాన్న వైపు చూసినా మా ఇళ్లల్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. నాన్నది సముద్రం మీద వేట. అమ్మ పక్క ఊరి జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరేది.

"పాసైనావు కదే గుంటా, ఏటి కావాల?" అన్నాడు నాన్న. చెవులకి దుద్దులు అడుగుతాననుకున్నాడు.

"కంప్యూటర్. గేములాడుకునేది."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్న దగ్గర ఉన్నది కొత్త వల కోసం దాచిన ఇరవై వేలు.  మూడో రోజు ఒడ్డున పడవ ఇంజను తుడుస్తూ అడిగాడు.

"ఇది తొమ్మిదేళ్ల బట్టి నడుత్తంది. నీది నడుత్తాదేటి అన్నేళ్లు?"

"నడుత్తాది నాన్నా," అనేశాను.

"అయితే ఈ ఏడు పాత వలే బాగు సేసుకుంతాను."

అనేశాక భయం పట్టుకుంది. మా ఊళ్లో ఒకాయన ఇసుక పక్కనే గేముల కొట్టు పెడితే, ఆయన కంప్యూటర్లు రెండు వానాకాలాలు దాటలేదు. ఉప్పుగాలికి మరలన్నీ ఎర్రగా తుప్పు పట్టి పొట్టు రాలాయి. నేను తొమ్మిదేళ్లన్నాను!

నోటుబుక్కులో జాబితాలు రాసి కొట్టేసి మళ్లీ రాశాను. అన్నీ మంచివి రాస్తే ఇరవై వేలు దాటిపోతోంది. అమ్మ పక్కన కూర్చుని చూసి, నేను ఏం రాస్తున్నానో తెలియకపోయినా, దారి మాత్రం చెప్పింది.

"పాయసానికి నిండు పప్పెయ్యాల. కూరలోకి నూరేదానికి ముక్కైతే సాలు. నూరేదానికి కూడా నిండు పప్పు కొన్నోడు ఎర్రోడు కాదేటి?"

అంతే, అమ్మ పప్పు ఏరినట్టు నా జాబితా మూడు గిన్నెలైంది. గేముల బొమ్మని తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు నిండు పప్పు. ప్రాసెసర్ బద్ద, అంటే నడిమి రకం. పైన ఉండే పెట్టె, మౌసు, స్పీకర్లు ముక్క. మదర్‌బోర్డు మాత్రం ఖాళీ స్లాట్లు ఎక్కువున్నది కావాలని గీత గీసుకున్నాను, ర్యామ్ ఇప్పుడొకటి పెట్టి, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఇంకోటి పెట్టుకోవచ్చని. కరెంటు సరఫరా చేసే పవర్ సప్లై డబ్బాని ముక్క కిందే వేశాను. ఎవరికి కనబడుతుంది అది?

కాశీబుగ్గలో కంప్యూటర్లు బిగించే కొట్టుకి నాన్నా నేనూ వెళ్లాం. కొట్టాయన మా వాలకం చూసి నీలం లైట్లు వెలిగే పెట్టె ముందుకు తోశాడు.

"మావా, ఇది సూడు. సీకట్లో పెడితే పెళ్లి పందిరే."

"మాకు పందిరెందుకు బావూ," అన్నాడు నాన్న. ఆయన చూపు పవర్ సప్లైల మీద ఉంది. చవకది ఎడమ చేతిలో, ఖరీదుది కుడి చేతిలో పెట్టుకుని, వలకి కట్టే సీసం గుండ్లని చూసినట్టు పైకీ కిందికీ ఆడించాడు.

"ఇది బోలు," అని ఎడమ చేతిది బల్ల మీద పెట్టేశాడు.

"మావా, ఇది సేపలు తూసే కొట్టు కాదే!" అని కొట్టాయన పడీపడీ నవ్వాడు. నవ్వాక నా వైపు తిరిగి, "నిజమేనమ్మా. బరువున్న దాన్లో రాగి తీగ నిండుగుంటాది. బోలుది కాలిపోతే పక్కనున్నోటిని కూడా అట్టుకుపోతాది," అన్నాడు.

మూడేళ్లు చదివింది నేను. కనిపెట్టింది నాన్న! సంతోషంతో నవ్వొచ్చేసింది. వెంటనే పవర్ సప్లైని నిండు పప్పులోకి ఎక్కించి, మానిటర్ని ముక్క గిన్నెలోకి దించాను. ఏదో ఆఫీసు వాళ్లు అమ్మేసిన పాతది, వెనక గుమ్మడికాయంత బొడిపె ఉన్నది తీసుకుంటే లెక్క కుదిరింది.

కొట్టాయన అన్నీ బిగించి, కార్ల రేసు గేమొకటి ఎక్కించి, వెలిగించి చూపించాడు. తర్వాత మా ఊరి దారి గోతులకి ఊడిపోతాయని ర్యామూ కార్డూ తీసి విడిగా పొట్లం కట్టాడు. "ఇంటికెల్లి స్లాట్లలో పెట్టి నొక్కితే టక్కుమంటాది. డిగ్రీ పాసైనావు కదా!" అన్నాడు. ఆటోలో నాన్న మానిటర్ని ఒళ్లో పెట్టుకుని, ప్రతి గోతికీ దాని మీద చెయ్యేశాడు.

ఇంటికొచ్చాక ప్లగ్గులు చాలక పక్కింటికి ఎక్స్‌టెన్షన్ బాక్సు అడగడానికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి నాన్న పొట్లం విప్పి, ర్యామూ కార్డూ గుడ్డ మీద ముచ్చటగా పరిచి ఉంచాడు. నొక్కాను. టక్కుమంది. స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి.

తెర నల్లగా ఉంది. లోపల్నుంచి పీ, పీ, పీ.

"కోడిపిల్ల అరిసినట్టు అరుత్తందేటే?" అంది అమ్మ.

ఆర్పి మళ్లీ వేశాను. పీ, పీ, పీ.  నాన్న వల! చెమట తుడుచుకోబోతే నా వేళ్లు కొబ్బరి నూనె వాసన వేశాయి. నేను ఆ రోజు తలకి నూనే రాసుకోలేదు.

"నాన్నా, వీటికేటైనా రాసినావా?"

మా వాడలో ఇనుము ఇంటికొస్తే ముందు నూనె రాయాలి. కత్తయినా, సైకిల్ గొలుసయినా, తలుపు గడియ అయినా, నూనె పట్టించాకే వాడకం. లేకపోతే సముద్రం నెల తిరక్కుండా తినేస్తుంది.

"అంచునున్న బంగారం రంగు పళ్లు," అన్నాడు నాన్న మెల్లగా. "ముద్దుగున్నాయి. తుప్పు పడతాయని రాసినాను. రెండు సుట్లు."

"కరెంటు నడిసేది ఆ పళ్ల మీదే నాన్నా!"

ఆయన పాత వల ముందేసుకుని కూర్చున్నాడు గాని ఒక్క ముడీ వెయ్యలేదు. ఆ వేళ్లు ఊరికే ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

నేను పరీక్షల పెన్సిల్ డబ్బాలోంచి రబ్బరు తీశాను. ఊరి కాంపౌండరు దగ్గర స్పిరిట్ తెచ్చాను. అమ్మ ర్యాము నా చేతిలోంచి లాక్కుంది.

"నువ్వు ఇరగ్గొట్టేత్తావు, ఇలగియ్యి."

పప్పు చిట్లకుండా పైపొర వొలిచే వేళ్లు అవి. ఒక్కో పన్నూ తుడిచి, రబ్బరుతో రుద్ది, వెలుగులో తిప్పి చూసింది. నేను కొబ్బరి ఈనెకి పల్చటి గుడ్డ చుట్టి, స్పిరిట్‌లో ముంచి, స్లాట్లలో నూనె తీశాను. అరగంట ఆరనిచ్చాం.

స్విచ్ వేశాను. ఒకే ఒక్క పీ, అంటే అంతా బాగుందని. ఎర్ర కారు!

నాన్న దగ్గరికొచ్చి, వంగి చూసి, "తొమ్మిదేళ్లు ఎప్పటి కాణ్ణించి లెక్కెట్టాల? కొన్న కాణ్ణించా, నూని తుడిసిన కాణ్ణించా?" అన్నాడు. ముగ్గురం కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాం. పెట్టె బయటి మరలకి మాత్రం రాసుకోమని నూనె గిన్నె ఆయనకే ఇచ్చాను. నెలనెలా రాశాడు. ఒక్క మరకీ తుప్పు పట్టలేదు.

ఆ సాయంత్రం రూపాయి ఫోన్ డబ్బా దగ్గరికి పరిగెత్తే ముందు, మదర్‌బోర్డు అట్టపెట్టె వెనక రాసుకున్నాను, ఇంకా ఎవరెవరికి చెప్పాలో:

పలాసలో బావ. రేసుకి రమ్మనాలి, ఓడిపోతాడని కూడా చెప్పాలి.

కాశీబుగ్గ కొట్టాయన. వెలిగిందని చెప్పాలి. నూనె సంగతి చెప్పకూడదు.

టెక్కలిలో నా పక్క బెంచీ పిల్ల. దుద్దులే అడుగుతానని పందెం కట్టింది.

రావివలస అమ్మమ్మ. పక్కనున్న టీ కొట్టుకి చేసి పిలిపించాలి.

మూలపేట పిన్ని. ఆమెకి చెబితే ఆ వీధికంతా వేరే చెప్పక్కర్లేదు.

వల కొట్టాయన. ఈ ఏడు వద్దని. ఇది మాత్రం తనే చెబుతానని నాన్న చొక్కా వేసుకుంటున్నాడు.