ముక్కుతోని తాగుడు

నా షెడ్డుల తయారైన టేబులు మీద మొఖం చూసుకొని తల దువ్వుకోవచ్చు. ఇది నా డబ్బా కాదు, హన్మకొండల ఎవలింటికి పోయి అడిగినా చెప్తరు. ఆ మెరుగు యోసేపు చేతిది. కాజీపేట రోడ్డు పక్కనున్న నా ఫర్నిచర్ షెడ్డుల పదకొండేండ్ల సంది పాలిష్ పని ఆయనదే. గాని నేను చెప్పేది యోసేపు గురించి కాదు, ఆయన భార్య దీనమ్మ గురించి. ముప్పై ఏండ్లు ఈ పనిల నలిగిన రాజమల్లును, అంటే నన్ను, ఆమె ఒక్క పూటల మూర్ఖుణ్ణి చేసింది. చేసుడేంది, ఉన్నదే చూపెట్టింది.

దీనమ్మ పుట్టిల్లు కేసముద్రం. సుబేదారిల నాలుగిండ్లల్ల బాత్రూములు కడిగే పని చేస్తది. మనిషి ఐదడుగులు సుత ఉండదు, మాట మాత్రం ఎవలకూ తగ్గది. యోసేపు ఒకప్పుడు బాగ తాగేటోడు. ఎనిమిదేండ్ల కింద పిల్లలిద్దరిని చెరో చేత పట్టుకొని, "ఇయ్యాల మానకపోతే రేపు మా అవ్వగారింటికి రైలెక్కుత" అన్నది. ఆయన మానిండు. చర్చిల అందరి ముందట నిలబడి సాక్ష్యం చెప్పిండు. మల్ల చుక్క ముట్టలే. పోను పోను ఆదివారం వాక్యం చదివే పని సుత ఆయనకే ఇచ్చిన్రు.

కిందటేడు నేనొక తెలివైన పని చేసిన. తెలివనే అనుకున్న మరి. పాలిష్ తడిమీదున్నప్పుడు దుమ్ము వడితే మెరుగంత ఖరాబైతది. రోడ్డు పక్క షెడ్డాయె, లారీలు పోతాంటే దుమ్మే దుమ్ము. అందుకని వెనుక ఒక అర్ర కట్టి, కిటికీలకు ప్లాస్టిక్ కవర్లు కొట్టిపిచ్చిన. తలుపు సందులకు టేపు వెట్టిన. దుమ్ము లేస్తదని ఫ్యాను సుత పీకేసిన. లోపట యోసేపు, స్ప్రే గన్ను, పాలిష్ పలచగ చేసే థిన్నర్ డబ్బాలు. మెరుగు అద్దం లెక్క వచ్చింది, నేను మస్తు మురిసిపోయిన.

రెండు నెలలైనంక యోసేపు తీరు మారింది. పొద్దు గూకే వరకు కండ్లు ఎర్రగయ్యేటివి, మాట ముద్దముద్దగ వచ్చేది, గోడ వట్టుకొని నడిచేటోడు. చెప్పింది మరిచిపోవుడు, ఊకెనే కోపం. తలకాయ పగిలిపోతాందంటడు, కడుపుల తిప్పుతాందని బువ్వ తినడు. ఓ దినం గన్ను చేతిలకెళ్లి జారి వడ్డది. "వేళ్లు తిమ్మిరెక్కుతానయి మల్లన్నా" అన్నడు. నాకు మండింది.

"తిమ్మిరి కాదురా, మందు! మల్ల మొదలువెట్టినవు గదా?"

"నేను తాగలే మల్లన్నా."

తాగినోడు ఎవడన్న తాగిన అని ఒప్పుకుంటడా? వాళ్ల చర్చి పెద్ద విన్సెంట్ సారు నన్ను దారిల అడిగితే, అవును, తాగుతాండని చెప్పిన. ఆ ఆదివారమే వాక్యం చదివే పని ఇంకొకలకు పోయింది. ఒకటో తారీఖు సంది పనికి రావద్దని నేను సుత చెప్పేసిన.

అనుమానం దీనమ్మకు మా అందరికంటె ముందుగాలనే వచ్చింది. రోజూ గడపల నిలవెట్టి నోరు వాసన చూసేదట. థిన్నర్ వాసన తప్ప ఏమీ రాకపోయేది. సంచి వెతికింది, సైకిల్ సీటు కింద వెతికింది, ఏమీ దొరకలే. అయినా నమ్మక, పుట్టింటికి పోదామని బట్టలు సర్దుకున్నది. సర్దుకొని, కూసొని, ఆలోచన చేసింది. అది మేమందరం చెయ్యాల్సిన పని, ఆమె ఒక్కతే చేసింది.

ఆదివారం ఆయనకు తలనొప్పి ఉండదు. పాట పాడుతడు, కూరతోని కడుపునిండ తింటడు. సోమవారం పగటికల్ల మల్ల మొదలు. ఇరుగుపొరుగోళ్లు దానికి ఇంకో అర్థం చెప్పిన్రు. ఆదివారం దేవుని సన్నిధిల ఉంటడు గనుక సైతాను దగ్గరికి రాదు, సోమవారం వచ్చి మీద వడ్తాంది, ఉపవాస ప్రార్థన చెయ్యిమని. దీనమ్మ సుత కొన్నాళ్లు అదే నమ్మింది. మూడు సోమవారాలు తానుండి, యోసేపును సుత ఉపవాసం ఉంచింది. ఉత్త కడుపుతోని ఆయనను అదే అర్రలకు పంపింది. ఆ మాట చెప్పుకుంటే ఆమెకు ఇప్పటికీ కండ్లల్ల నీళ్లు తిరుగుతయి.

అటెన్క తొర్రూరుల ఆమె చెల్లె బిడ్డ నవ్య పెండ్లి. మంగళవారం పోయి శుక్రవారం దాక ఉన్నరు. చుట్టాలు కల్లు, బీర్లు ఏరులెక్క పారిచ్చిన్రు. యోసేపు వాటి నడుమనే తిరిగిండు, చుక్క ముట్టలే. తలనొప్పి లేదు, మాట తడవడలే, బంతిల కూసొని రెండుసార్లు అన్నం పెట్టిచ్చుకున్నడు. శనివారం పనిల దిగిండు. సాయంత్రం గోడ వట్టుకొని ఇల్లు చేరిండు.

అప్పుడు దీనమ్మకు తన సంగతి యాదికొచ్చింది. ఓసారి సుబేదారిల ఒకలింట్ల మరకలు పోతలెవ్వని ఆసిడ్ పోసి, దాని మీదనే బ్లీచింగ్ పౌడర్ చల్లింది, తలుపేసుకొని. కండ్లు మండినయి, దగ్గు ఆగలే, రొమ్ము వట్టేసినట్టయింది. బయటికి ఉరికి గాలి తాకినంకనే ఊపిరాడింది. నోట్ల పోసుకోకున్నా విషం లోపటికి పోతదని ఆనాడే తెలుసు ఆమెకు.

ఒకటో తారీఖు ఇంక రెండు దినాలుందనంగ పొద్దుగాలనే షెడ్డుకొచ్చింది.

"మా ఆయన తాగుతాండన్నా. నువ్వన్నది నిజమే."

నేను, చూసినవా మరి, అన్నట్టు తల ఊపిన.

"నోటితోని కాదు, ముక్కుతోని. నీ అర్రలనే తాగుతాండు. కల్లు పారిన పెండ్లిల తాగనోడు నీ షెడ్డుల ఏం తాగుతడు చెప్పు?"

నాకు కోపం నషాళానికెక్కింది. "చీపురు వట్టేదానివి, నాకు పాలిష్ నేర్పుతవా?" అన్న. అనరాని మాట, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గయితది. ఆమె జర్ర సుత జంకలే.

"నేనేం నేర్ప. ఇయ్యాల ఆయన రాడు. ఆర్డరిచ్చిన ఆ సుదర్శన్ సారు టేబులుకు నువ్వే పాలిష్ కొట్టు, మా ఆయన లెక్కనే తలుపేసుకొని. నేను బయట కూసుంట."

ఏందీ, నాకు చాతగాదనుకున్నదా? తువ్వాల మూతికి కట్టుకొని లోపటికి దూరిన. పావుగంటకు కండ్లు మండినయి. అర్ధగంటకు తలకాయ తేలిపోయి, ఏం లేకున్నా నవ్వొచ్చింది. గంట కాకముందే కడుపుల దేవినట్టయింది. బయటపడదామంటే గొళ్లెం చేతికి దొరకలే. సప్పుడు విని దీనమ్మనే తలుపు గుంజింది. రెండడుగులేసి గుంజ వట్టుకున్న.

సరిగ్గ అప్పుడే సుదర్శన్ సారు స్కూటర్ దిగిండు. నన్ను కిందికీ మీదికీ చూసిండు.

"ఏం రాజమల్లూ, పొద్దుగాల పదింటికేనా?"

"నేను తాగలే సారూ" అన్న. నా మాట నాకే ముద్దగ వినవడ్డది. దీనమ్మ నీళ్లచెంబు చేతికిచ్చి పక్కకు నిలవడ్డది. తిట్టినా బాగుండేది నాకు.

ఆ పగలే యోసేపును దవాఖానకు తీస్కపోయినం. డాక్టర్ అన్నీ అడిగిండు. ఏం వాడుతరు, గాలి వస్తదా, సెలవు దినం ఎట్లుంటది. నెత్తురు పరీక్ష చేపిచ్చిండు. "తల తిరుగుడు, మాట తడబడుడు ఆ ఆవిరికి దూరముంటే తగ్గుతయి. వేళ్ల తిమ్మిరి నరాలది, నెలలు వడుతది. పూర్తిగ పోతదా అంటే ఇప్పుడే చెప్పలేను" అన్నడు. మూతికి గుడ్డ కడితే ఈ ఆవిరి ఆగదట, దానికి ఫిల్టర్ మాస్కు వేరే ఉంటదట, గాలిని బయటికి గుంజే ఫ్యాను ఉండాల్నట. మేము పని అయినంక థిన్నర్‌తోనే చేతులు కడుక్కుంటమంటే, అది తోలుకెళ్లి సుత లోపటికి పోతదని నెత్తి కొట్టుకున్నడు. పనికాడ తలనొప్పి వచ్చి సెలవునాడు పోతాందంటే, గోలీ ఏసుకొని ఊరుకోవద్దు, ముందుగాల పనికాడ ఏమున్నదో చూడాలన్నడు.

"నేనూ అదే చెప్పిన" అన్నది దీనమ్మ. డాక్టర్ నవ్విండు.

పొద్దు గూకకముందే ప్లాస్టిక్ అంత చింపి పారేసిన. ఫ్యాన్లొచ్చి, మాస్కులొచ్చి, యోసేపు నిమ్మలపడేదాక పాలిష్ పని బంద్ అన్న. మెరుగు తగ్గితే తగ్గనీ. మర్నాడు పండ్లు వట్టుకొని వాళ్లింటికి పోయిన.

"తప్పైంది చెల్లె."

"నాకు చెప్తే ఏం లాభమన్నా?" అన్నది. "తాగుతాండని పదిమందిల చెప్పినవు. తాగలేదని ఇంట్ల కూసొని చెప్తవా?"

నేను చర్చి గడప తొక్కింది ఆ ఆదివారమే మొదలు. నేను ముందుగాలనే అడిగి పెట్టినట్టు, ఆరాధన అయినంక విన్సెంట్ సారు నన్ను ముందటికి పిలిచిండు. రెండువందల మంది నా దిక్కే చూస్తాన్రు. యోసేపు ఆఖరి వరుసల వేళ్లు పిసుక్కుంట, తల దించుకొని కూసున్నడు. దీనమ్మ మాత్రం కండ్లార్పకుంట నన్నే చూస్తాంది. తొవ్వ పొడుగూత తయారు చేసుకున్న మాటలన్నీ పక్కకు పెట్టిన.

"యోసేపు తాగలే" అన్న. "తాపింది నేనే."